ఆ ఏడు గంట మోగలేదు

నా చిన్నప్పుడు మా చిక్కడపల్లి సందులో అందరికంటే పొట్టి కాళ్ళు బుడ్డోడివి. బుడ్డోడంటే మనిషి కాదు, కుక్క. ఒళ్ళు పొడుగు, చెవులు పొడుగు, కాళ్ళు మాత్రం జానెడైనా లేవు. వాన పడితే సందులో మిగతా కుక్కలకు కాళ్ళు తడిసేవి, వాడికి పొట్ట తడిసేది.

వాడు నిజానికి పక్కింటి అక్క కుక్క. అక్క నర్సు చదువుకని వరంగల్ వెళుతూ వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"జర మంచిగ చూస్కో చిన్నీ. ఎండకాలం సెలవులకు వస్త. అప్పటిదాంక వీడు నీ తమ్ముడే."

"తమ్ముడైతే బళ్ళో వెయ్యాలి మరి," అన్నారు మా తాతయ్య అరుగు మీద నుంచి.

"ఎయ్యుండ్రి తాతా, నాకంటె మంచిగనే చదువుతడు," అని అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని రిక్షా ఎక్కింది.

మేము నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం. ఇంట్లో పొద్దునా సాయంత్రం కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. నారాయణగూడలో మేము వెళ్ళే చర్చి సంఘానికి తాతయ్య పెద్ద. బైబిల్లో వాక్యం ఎక్కడ అడిగినా చూడకుండా చెప్పేవారు. అయినా ఆయన ఎప్పుడూ ప్రసంగం చెయ్యలేదు. సంఘం ఆయనకు అప్పజెప్పిన పని వేరే ఉంది. అందరికంటే వెనక నడవడం.

అదేమిటో చెప్పాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ఒక శనివారం మా సంఘమంతా లారీ మాట్లాడుకుని ఊరి అవతల ఒక కొండకు వెళ్ళేది. దాన్ని మేము ప్రార్థన కొండ అనే పిలిచేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది ఉత్త రాళ్ళగుట్ట. పెద్దవాళ్ళందరూ ఉపవాసంతో ఎక్కేవారు. ముందు మా పాస్టరు అయ్యగారు, మధ్యలో ఆడవాళ్ళూ పిల్లలూ, అందరికంటే చివర తాతయ్య. ఆయన చేతిలో ఒక ఇత్తడి గంట ఉండేది. నడకలో మోగకుండా దాని నాలుకకు గుడ్డ చుట్టి ముడి వేసేవారు. అందరూ పైనున్న చదును బండ చేరాక, ఆఖరున తాతయ్య వచ్చి ముడి విప్పి గంట కొట్టాలి. ఎవరూ వెనకబడలేదని దాని అర్థం. అది మోగితేనే మొదటి పాట ఎత్తుకునేవారు. మునుపెప్పుడో ఒక ముసలమ్మ దారిలో కూలబడిపోతే ఎవరూ చూసుకోలేదట. పైన ప్రార్థన ముగించుకుని దిగుతూ ఆమెను చూసి అందరూ సిగ్గుతో చచ్చిపోయారట. ఆనాటి నుంచే ఈ గంట మొదలైంది.

బుడ్డోడు మా ఇంటికొచ్చిన ఆ చలికాలమంతా తాతయ్య మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఊరి చుట్టూ ఉన్న చిన్నచిన్న గుట్టలు ఎక్కించారు. ఆయన మోకాళ్ళకు అలవాటు తప్పకూడదని అలా తిరిగేవారు. మాకు మాత్రం అది పండగే. బుడ్డోడు గుట్ట ఎక్కే తీరు చూసి తీరాలి. చిన్న రాయి అడ్డొస్తే ఒళ్ళంతా ఒక్కసారి ఎగరేసి పొట్ట ఈడ్చుకుంటూ దాటేవాడు. పెద్ద రాయి వస్తే ముందు కాళ్ళు దాని మీద ఆనించి, కుయ్యిమనకుండా, మొరగకుండా, తల తిప్పి నావైపు చూసేవాడు. నేను వెనక నుంచి అరచేత్తో ఎత్తేదాకా అలాగే నిలబడేవాడు. ఎత్తాక ఒకసారి ఒళ్ళు విదిలించి, అంతా తానే ఎక్కినట్టు తోక ఊపుకుంటూ ముందుకు పోయేవాడు. దిగేటప్పుడు తిన్నగా దిగితే ముందుకు దొర్లిపోతాడు కాబట్టి అడ్డంగా, అటో అడుగు ఇటో అడుగు వేస్తూ దిగేవాడు. ఆ తెలివి వాడికి ఎవరూ నేర్పలేదు. "వీడు మెట్టు మెట్టుకూ లెక్క చూసుకునే రకం, నాలాగే," అనేవారు తాతయ్య.

ఆ శనివారం బుడ్డోణ్ణి బుట్టలో పెట్టుకుని నేను లారీ ఎక్కాను. కొందరు ముఖం చిట్లించారు. అయ్యగారు మాత్రం వాడి తల నిమిరి, "వీడూ ఉపవాసమేనా?" అని నవ్వారు. వాడికని నేను ఒక సీసాలో నీళ్ళు తెచ్చానని చూపించాను.

కొండ దారి మొదట్లో సులువే. ఎర్రమట్టి, ముళ్ళకంపలు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు. సగం దాటాక రాతి దారి మొదలైంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్య మనిషి ఒరుసుకుంటూ వెళ్ళే సందులు. ప్రతి రాయి దగ్గరా బుడ్డోడు ఆగి నావైపు చూస్తున్నాడు, నేను ఎత్తుతున్నాను. ముందు వెళ్ళేవాళ్ళ మాటలు మెల్లగా దూరమయ్యాయి. తాతయ్య మా వెనకే ఉన్నారు, గంట చంకన పెట్టుకుని. కొంతదూరం వాణ్ణి తన తువ్వాలులో జోలెలా కట్టి నా భుజాన వేశారు. కాసేపటికి నా భుజం వాలిపోయింది.

"భుజం పీకుతోంది కదూ. దింపు కాసేపు, ఇక్కడ చదునుగానే ఉంది," అన్నారు.

దింపాను. నిజంగానే అక్కడ చదునుగా ఉంది. బుడ్డోడు ఒళ్ళు విదిలించుకున్నాడు. ఎండలో ఒక తొండ తల ఆడిస్తూ కనబడింది. వాడు దాని వెంట పరిగెత్తాడు. రెండు గుండ్ల మధ్య ఎండుటాకులు నిండి నేలలాగే కనబడుతున్న చోట కాలు పెట్టాడు. ఆకులు కుంగిపోయాయి. వాడు కనబడలేదు. ఏదో జారిన చప్పుడు, తరువాత లోపల ఎక్కడి నుంచో ఒక్క కుయ్యి.

నేను కేక పెట్టి ఆ సందు మీద పడ్డాను. లోపల చీకటి. నా చెయ్యి సన్నంగా ఉంది కాబట్టి లోపలికి వెళ్ళింది, కానీ అందలేదు. తాతయ్య చెయ్యి పొడుగే, మోచేతి పైన మాత్రం ఇరుక్కుపోయింది. ఆయన చొక్కా విప్పేసి, బండ మీద బోర్లా పడుకుని, భుజం రాయికి ఒరుసుకునేలా తోశారు.

"అందాడు," అన్నారు.

నేను చప్పట్లు కొట్టబోయాను.

"ముక్కు అందింది. వేళ్ళ చివర్లకు. అంతే."

మెడ దాకా అందలేదు. వాడి కాలు ఎక్కడో రాతిలో పట్టేసినట్టుంది, పైకి రావడం లేదు. తువ్వాలు కొస లోపలికి వదిలితే పళ్ళతో పట్టుకుంటాడేమో, లాగుదామని చూశాం. పట్టుకోలేదు. కొసను నీళ్ళలో తడిపి వదిలాం. ఆ నీళ్ళు నాకిన చప్పుడు వినబడింది. కర్ర పెట్టి గుండును కదిలించబోయారు తాతయ్య. ఏనుగు కదిపినా కదలని గుండది.

అంతలో పైనుంచి మా సంఘంలో పాటలు ఎత్తే ఒక అక్క చీరకుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగి వచ్చింది. ముఖం ఎండకు కందిపోయి ఉంది.

"ఏంది పెద్దాయనా, అందరు మాడిపోతున్రు పైన. గంటెప్పుడు కొడుతరు?"

తాతయ్య తల ఎత్తకుండానే జరిగింది చెప్పారు. ఆమె సందులోకి వంగి చూసి, అయ్యో అని, మళ్ళీ నడుము మీద చెయ్యి వేసుకుంది.

"పాపం గనీ, కుక్క కోసమని సంఘాన్నంత ఎండల నిలవెడుతరా? అది గూడ సభ్యుడా ఏంది?"

"కాదమ్మా," అన్నారు తాతయ్య. "మనతో బయలుదేరాడు."

ఆమె తన కొంగు తీసి నా ముఖం తుడిచి, పైకి వెళ్ళి అయ్యగారిని పంపింది. అయ్యగారు వచ్చి తానూ చెయ్యి పెట్టి చూశారు. ఆయన చెయ్యి తాతయ్య చెయ్యంత కూడా వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ సందులోకి చూసి, మెత్తగా అన్నారు.

"పెద్దాయనా, గంట కొట్టేద్దాం. పైన అందరం కలిసి వీడి కోసం ప్రార్థిద్దాం. ఆపై దేవుడు చూసుకుంటాడు."

"మీరు మొదలుపెట్టించండి అయ్యగారూ. పసిపిల్లలున్నారు, చూలింత ఉంది, ఎండలో ఉంచకండి. గంట మాత్రం నేను కొట్టలేను. అందరూ వచ్చారని కదా దాని అర్థం. రాలేదుగా."

ఆయన కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నారు. అయ్యగారు ఆయన వీపు మీద చెయ్యి వేసి, లేచి వెళ్ళారు. కొంతసేపటికి పైనుంచి పాట వినబడింది. గంట లేకుండా మొదలైన పాట కాబట్టి గొంతులు కుదరలేదు. కొందరు ముందు ఎత్తుకున్నారు, కొందరు వెనక అందుకున్నారు.

నాకు ఆదివారపు బడిలో నేర్చుకున్న బైబిలు కథలన్నీ గుర్తున్నాయి. సముద్రం చీలింది. సింహాల నోళ్ళు మూతపడ్డాయి. ఒక రాయి దొర్లిపోయింది. ఈ గుండు వాటి ముందు ఎంత?

"తాతయ్యా, మనం ప్రార్థన చేస్తే వస్తాడా?"

"చేద్దాం తల్లీ."

"వస్తాడా?"

ఆయన నావైపు తల తిప్పారు. చెంప బండకు ఆనుకుని ఉంది, కణత మీద చెమట కారుతోంది. వాక్యం అంత తెలిసిన మనిషి, ఎవరికి కష్టం వచ్చినా తగిన మాట ఎత్తి చెప్పగలిగిన మనిషి, నాతో ఒక్క మాటే అన్నారు.

"తెలియదు."

తరువాత కళ్ళు మూసుకున్నారు. నేను చేతులు జోడించాను. పెద్ద ప్రార్థన వస్తుందని ఎదురుచూశాను. ఆయన ప్రార్థన ఇంతే.

"ప్రభువా, మా చెయ్యి అందడం లేదు."

దానికి ముందు స్తుతి లేదు, వెనక వాగ్దానం లేదు. చివర ఆమేన్ అనడానికి కూడా నాకు భయం వేసింది.

మధ్యాహ్నం గడ్డి కోసుకునే ఒక ఆడమనిషి తలమీద మోపుతో అటు వచ్చింది. మమ్మల్ని చూసి మోపు దించి, సందులోకి చూసింది. "మా మేకపిల్ల గూడ ఇట్లనే వడ్డది బిడ్డా," అంది. మరి ఎలా తీశారని నేను ఆశగా అడిగాను. ఆమె నా తల నిమిరి, "తీయలే బిడ్డా," అంది. కొన్ని కొమ్మలు విరిచి తెచ్చి తాతయ్య వీపు మీద నీడలా పరిచి, మోపెత్తుకుని వెళ్ళిపోయింది.

తాతయ్య చెయ్యి తియ్యలేదు. ఉండుండి నాకు చెబుతూ ఉన్నారు. ముక్కు తడిగా ఉందమ్మా. నా వేలు నాకుతున్నాడు. పడుకున్నట్టున్నాడు. ఊపిరి తగులుతోంది. నేను వాడితో మాట్లాడుతూనే ఉన్నాను. అక్క వస్తుందిరా, సెలవులకు వస్తుందిరా అని. పైన ప్రార్థన ముగిసింది. మా పక్క నుంచే అందరూ దిగారు. ఒక్కొక్కరు ఆగి, వంగి చూసి, వెళ్ళారు. సీసాలో ఆఖరి నీళ్ళు కూడా తువ్వాలు కొసకు పోసేశాం. ఈసారి నాకిన చప్పుడు రాలేదు.

పొద్దు వాలుతుండగా లారీ హారన్ వినబడింది. తాతయ్య ఏమీ చెప్పడం మానేశారని అప్పుడు గమనించాను. ఎప్పటి నుంచి మానేశారో నాకు తెలియదు. ఆయన చెయ్యి బయటికి తీసినప్పుడు అది భుజం దాకా గీరుకుపోయి, తిమ్మిరెక్కి, వేరే ఎవరిదో చెయ్యిలా వేలాడింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డారు.

"దింపమన్నది నేను. అది నువ్వు మొయ్యకు," అన్నారు నాతో.

లారీలో అందరూ నన్ను ఓదార్చారు. పాటల అక్క నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "గొల్లోళ్ళు చూస్తరు, తీస్కపోయి పాలు వోసి సాదుకుంటరు," అంది. ఇంకొకాయన, దేవుడు ఏది చేసినా మన మేలుకే అన్నాడు. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఒళ్ళో గంట ఉంది. దాని ముడి అలాగే ఉంది.

మర్నాడు ఆదివారం. నాకు తెలిసి జ్వరంలో కూడా ఆరాధన మానని మనిషి ఆ ఆదివారం మానేశారు. నాన్నగారిని తీసుకుని, మోకు, గడ్డపార పట్టుకుని, మొదటి బస్సుకు కొండకు వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చారు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"పిలిచాం. చప్పుడు లేదు," అన్నారు.

"అవతలి వైపు దారి ఉందేమో తాతయ్యా?"

"ఉండొచ్చు. నాకు కనబడలేదు."

అంతకంటే ఒక్క మాట తీపిగా చెప్పి ఉంటే ఆ రాత్రి నేను నిద్రపోయేదాన్ని. ఆయన చెప్పలేదు. నా మంచం పక్కన కింద కూర్చుని, గీరుకుపోయిన చెయ్యి నా తల మీద పెట్టి, నేను ఏడుస్తున్నంతసేపూ ఉన్నారు.

ఎండాకాలంలో అక్క వచ్చింది. మా గేటు దగ్గర నిలబడి, వాడికి అలవాటైన ఈల వేసింది. నేను వంటింట్లో అమ్మ చీర పట్టుకుని దాక్కున్నాను. అమ్మే బయటికి వెళ్ళి, "ఎవరో గొల్లవాళ్ళు..." అని ఎత్తుకోబోయింది. తాతయ్య అరుగు మీద నుంచి లేచారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆకులు, సందు, తువ్వాలు, మేము దిగి వచ్చేయడం, అన్నీ. అక్క గేటు చువ్వలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఆయన కూడా ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు, ఆ తెల్లటి పంచెతోనే. అక్క అడిగింది.

"ఒక్కడే ఉండెనా తాతా?"

"ఒక్కడే లేడమ్మా. నా వేళ్ళు వాడి ముక్కు మీదే ఉన్నాయి."

అప్పుడు అక్క ఆయన భుజాన తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. గొల్లవాళ్ళ కథ చెప్పి ఉంటే ఆమె ఏడ్చేది కాదు. ఊళ్ళన్నీ తిరిగి వాణ్ణి వెతికేది. ఆ సంగతి నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

మరుసటి ఏడు మళ్ళీ కొండెక్కాం. ఆ సందు దగ్గర తాతయ్య ఆగారు. వంగి, లోపలికి ఒకసారి చెయ్యి పెట్టి, తీసి, నడిచారు. పైన ముడి విప్పి గంట కొట్టారు. బతికినంత కాలం ఏటా అలాగే చేశారు. ఆయన పోయాక ఆ గంటనూ వెనక నడిచే పనినీ సంఘం నాకు ఇచ్చింది. నా మోకాళ్ళు ఒప్పినన్నాళ్ళు చేశాను. ఇప్పుడు కుర్రవాళ్ళు నడుస్తున్నారు. ఏటా గంట పట్టుకెళ్ళి, తిరిగి తెచ్చి మా ఇంట్లోనే పెడతారు.

ఇప్పుడు మేముంటున్నది అశోక్‌నగర్‌లో. మా పై అంతస్తులో ఆడపిల్లల హాస్టల్ ఉంది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని కనబడింది. ఇన్నేళ్ళు చదివిన పరీక్ష ఈసారీ పోయింది. ఊళ్ళో తండ్రికి ఇంకా ఫోను చెయ్యలేదు. వచ్చేపోయేవాళ్ళందరూ ఆగి తలో మాటా చెబుతున్నారు. ఏం కాదు, ఇంకోటి రాస్తవ్. ఏదైనా మన మంచికే. దేవుడు ఇంతకంటే మంచిది దాచిపెట్టి ఉంటడు.

నాకూ అలాంటి మాటే నోటి దాకా వచ్చింది. యాభై ఏళ్ళు సంఘంలో కూర్చున్నదాన్ని, వాక్యాలకేం కొదవ? మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. కింద రోడ్డు మీద కోచింగ్ నుంచి పిల్లలు గుంపులుగా వస్తున్నారు, టీ బండి దగ్గర నవ్వులు.

"మీరేం చెప్తలేరేంది అమ్మమ్మా?" అంది ఆ అమ్మాయి చివరికి.

"నాకు తెలియదమ్మా."

ఆమె నావైపు ఒకసారి చూసి, నా భుజాన తల పెట్టింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ పిల్లకు ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. దేవుణ్ణి నమ్మాను, నమ్ముతున్నాను, ఆయన చెయ్యి కురుచ కాదని పిల్లలకు నేర్పుతూనే ఉన్నాను. నా చెయ్యి మాత్రం కురుచ. అందరూ చేరారని చెప్పే గంట నా ఇంట్లో గూటిలో ఉంది, నాలుకకు గుడ్డ చుట్టి. ఆ సాయంత్రం దాని ముందు మోకరించి తాతయ్య బండ మీద చేసిన ప్రార్థనే చేశాను. ప్రభువా, మా చెయ్యి అందడం లేదు. అంత చెప్పి, మళ్ళీ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.